తెలుగులో చెప్పు తల్లీ

గుడియాత్తం బస్టాండు ఎదురుగా, లుంగీల అంగడి గోడ మీద పెద్ద టీచర్ వేలాడుతోంది. మనిషెత్తు ఫ్లెక్సీలో ఆవిడ మొహం, చుట్టూ కన్నీటి బొట్లు, కింద రెండు దీపాలు. "క్రమశిక్షణకు మారుపేరు, మా అందరి తల్లి" అని అరవంలో రాయించారు. ఫోటోలో కూడా పెదవులు బిగించే ఉన్నాయి. చచ్చిపోయినవాళ్ళను చూసి నవ్వకూడదంటారు. నాకు నవ్వే వచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఈవిడ ఇప్పుడే పోవాలా?

ఎందుకంటే ఆ రోజే వేలూరు సత్తువాచారి కలెక్టరాఫీసులో, పిల్లల రక్షణ చూసే ఆఫీసరమ్మ ముందు మా అక్క కూతురు, మా పాప, వాంగ్మూలం ఇవ్వబోతోంది. అందులో ఈవిడ పేరు వస్తుంది. రేపో మాపో ఈవిడను పిలిచి ఒక మాట అడిగేవాళ్ళు. ఆ ఒక్క మాట కోసం నేను ఇన్నేళ్ళు కాచుకుని ఉన్నాను. బతికినన్నాళ్ళూ గంట కొట్టకముందే బడికి వచ్చిన మనిషి, చావు దగ్గర కూడా ఆలస్యం చేయలేదు.

ఆవిడ పేరు రాయను. తన గదిలో తనవాళ్ళ పేరును రాతకెక్కనివ్వని మనిషి కదా, ఆ మర్యాద ఆవిడకూ దక్కనీ. మా బడికి హెడ్మిస్ట్రెస్, అరవం పిల్లలకు పెరియ టీచర్, మాకు పెద్ద టీచర్.

మాకంటే, ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళకు. మా ఊళ్ళో తెలుగు వీధిలో ఉండదు, గడప లోపల ఉంటుంది. అంగట్లో, బస్సులో, బడిలో అరవం. చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టాక తెలుగు. పెద్ద టీచర్ వాళ్ళది లుంగీల వ్యాపారం, పొలాలూ ఉన్న ఇల్లు. మాది గోడలు కట్టే ఇల్లు, మా నాయన మేస్త్రీ. "మనోళ్ళు" అనే మాట వాళ్ళ వీధి నుంచి మా వీధికి కట్టుబడి పని ఉన్నప్పుడు మాత్రం నడిచి వచ్చేది. అయినా వచ్చినప్పుడల్లా మేము పొంగిపోయేవాళ్ళం.

ఆవిడకు రెండు గొంతులు. పొద్దున ప్రార్థనలో మైకు ముందు అరవం, అప్పుడే సున్నం కొట్టిన గోడలాగా ఎక్కడా మరక లేకుండా. గదిలోకి పోయి, తలుపు దగ్గరికి వేసి, తెలుగు పిల్లనెవరినైనా పిలిచిందంటే ఇంకో గొంతు. "ఏమ్మా, యాడికి పోతా ఉండావు? ఇట్ల రా. తిన్నావా?" ఆ గొంతు విన్న పిల్ల ఆ రోజంతా నేల మీద నడిచేది కాదు.

బల్ల సొరుగులో పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది. నిండా కమర్‌కట్లు. బెల్లమూ కొబ్బరీ కలిపి రాయిలా గట్టిపరిచిన ఉండలు. ఏడుస్తూ వచ్చిన ఏ పిల్లకైనా ముందు కమర్‌కట్టు, తర్వాతే మాట. "నోట్లో ఏసుకో. ఊఁ, ఏసుకో." అది బుగ్గన పెట్టుకున్నాక ఎవరూ ఏడవలేరు. మాట్లాడనూ లేరు. కరిగేలోపు ఆవిడ చెప్పాల్సిందంతా చెప్పేసి బయటికి పంపేసేది. అది ప్రేమ అనే అనుకున్నాం. నిజంగానే అందులో ప్రేమ లేకపోలేదు, అదే నా బాధ.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు క్లాసులో పొరపాటున ఇంటి మాట ఒకటి నోట్లోంచి జారితే పిల్లలంతా నవ్వారు. ఏడుస్తూ వరండాలో నిలబడ్డాను. ఆవిడే చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకుపోయి కమర్‌కట్టు పెట్టింది. "ఇంటి బాస సిగ్గుపడే సరుకు కాదు తల్లీ" అంది. ఆ తర్వాత శనివారాలు వాళ్ళింటి వరండాలో, లుంగీల బేళ్ళ మధ్య కూర్చోబెట్టి నాకు అఆలు దిద్దించింది. మా నాయనకు సంతకం కూడా అరవంలోనే వచ్చు. మా ఇంట్లో తెలుగు చదవగలిగిన మొదటి మనిషిని నేను. ఆ మేలు కాదంటే కళ్ళు పోతాయి.

క్రమశిక్షణ సంగతికి వస్తే, ఆవిడ నడుముకు తాళాల గుత్తి ఉండేది. ఆ గుత్తికి తాళాల కంటే పిన్నీసులే ఎక్కువ. పొద్దున గేటు దగ్గర నిలబడి, దుప్పట్టా కాస్త జారిన ఆడపిల్లను ఆపి, తన చేత్తోనే భుజం మీద పిన్ను గుచ్చేది. "పిన్ను జారితే పరువు జారినట్టే." రెండు జడలు, మడిచి కట్టిన రిబ్బన్లు, నూనె పెట్టిన తల. కళ్ళజోడు చెంగుతో తుడిచి పెట్టుకుని కింది నుంచి పైదాకా చూసేది. ఆడపిల్ల గురించి ఏ కబురు వచ్చినా ఒకటే సామెత: "ముల్లు పోయి ఆకు మీద పడినా, ఆకు పోయి ముల్లు మీద పడినా, చిరిగేది ఆకే." పదేళ్ళ పిల్లలకు కూడా అది కంఠతా వచ్చు.

అయితే మగపిల్లల్ని వదిలిపెట్టేదని కాదు. ఒకసారి పదకొండో తరగతి కుర్రాడొకడు తోటి పిల్లకు ఫోనులో చెత్తంతా రాసి పంపాడు. వాడి తండ్రి ఊళ్ళో మాట చెల్లే మనిషి. ఆ పిల్లది అరవం ఇల్లు. పెద్ద టీచర్ మధ్యాహ్నానికల్లా తండ్రిని పిలిపించింది, ఆ పిల్ల చెప్పిందంతా అక్షరం పొల్లుపోకుండా అరవంలో రాసుకుంది, వాడిని బడి నుంచి సస్పెండు చేసింది. తండ్రి అరిస్తే, "ఇది బడి, మీ అంగడి కాదు" అంది. గుడియాత్తమంతా చెప్పుకున్నారు, న్యాయమంటే పెద్ద టీచరమ్మదే అని. మేమూ చెప్పుకున్నాం, ఇంకాస్త గొంతు పెంచి, మనోళ్ళే కదా అని.

అందుకే మా పాప విషయం వచ్చినప్పుడు మా అక్క ఇంకో మాట విననే లేదు.

పాప అప్పుడు పదో తరగతి. లెక్కల పీరియడ్ ఉన్న రోజల్లా కడుపునొప్పి. డాక్టరుకు చూపించారు, దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. ఒకసారి నేను వేలూరి నుంచి వెళ్ళినప్పుడు నా పక్కన పడుకుని చెప్పింది. లెక్కల మాస్టరు ఆయన. పొన్నై పక్క మనిషి, పెద్ద టీచర్‌కు వరసకు తమ్ముడు. "మనోళ్ళ పిల్లవి, ఆగు, ఇంకో లెక్క చెప్తా" అని క్లాసు అయ్యాక ఆపుతాడు. వెనక నిలబడి నోటుబుక్కు దిద్దుతాడు. ఆ చెయ్యి నోటు మీద ఆగదు. అంతే చెప్పింది. అంతకంటే నేను అడగలేదు, ఇక్కడా రాయను.

"పోలీసులూ గీలీసులూ వొద్దు," అంది అక్క. "పెద్ద టీచర్ ఉండాది. మనామె. పరాయి పిల్లకే అంత చేసింది, మన పిల్లకు చెయ్యదా?"

మా జనం తప్ప ఇంకెవరూ ఈ పొరపాటు చేయరు. మనామె కాబట్టి ఎక్కువ చేస్తుందనుకున్నాం.

ముగ్గురం ఆవిడ గదికి పోయాం. గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయించి ఉంది, ప్రభుత్వం చెప్పింది కాబట్టి. దాని ముందు ఆటల కప్పులు పెట్టిన బీరువా. నంబరులో చివరి అంకెలు మాత్రం బీరువా పక్కనుంచి కనబడతాయి. పెద్ద టీచర్ పెన్ను మూత తీసి, పెద్ద పుస్తకం తెరిచి పెట్టుకుని ఉంది. పాప బడి అలవాటు కొద్దీ అరవంలో మొదలుపెట్టింది. రెండు ముక్కలు అయ్యాయో లేదో, మాస్టరు పేరు వచ్చింది. పెద్ద టీచర్ చెయ్యి పైకెత్తింది. లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"తెలుగులో చెప్పు తల్లీ. మనోళ్ళమే గదా."

ఎంత మెత్తగా అందో! ఆ మెత్తదనానికి మా అక్క కళ్ళు చెమ్మగిల్లాయి. నేను చూసింది మాత్రం పెన్ను మూత. అది టిక్కుమని మూసుకుంది. పుస్తకం కూడా మూసి పక్కకు జరిపింది.

పాప తెలుగులో చెప్పింది. తల వంచుకుని, ఒక్కొక్క మాటే. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అంతా విని, కళ్ళజోడు తీసి, చెంగుతో తుడుచుకుని, సొరుగు లాగింది. పదిహేనేళ్ళ పిల్ల చేతిలో కమర్‌కట్టు పెట్టింది. "నోట్లో ఏసుకో."

తర్వాత అక్క వైపు తిరిగింది. "చూడమ్మా, నేను వాణ్ణి ఇంటికి పిలిపించి అడుగుతా. అక్కగా అడుగుతా. ఈ పిల్లను వేరే సెక్షన్‌కి మారుస్తా. రాతాకోతా ఒకటీ వొద్దు. పదో తరగతి పిల్ల, రేపు నలుగురిలో బతకాల. ముల్లు పోయి ఆకు మీద పడినా..."

"ముల్లును తీసేయొచ్చు గదా టీచర్?"

అడిగింది పాప. కమర్‌కట్టు నోట్లో లేదు, గుప్పిట్లోనే ఉంది.

ఆ సామెతకు ఎదురు ప్రశ్న ఒకటి ఉండవచ్చని ఆవిడకు అన్నేళ్ళలో ఎవరూ చెప్పినట్టు లేరు. కళ్ళజోడు మళ్ళీ తీసి తుడుచుకుంది. నేను సందు దొరికిందని, "రాసిచ్చేదానికి వచ్చినాం టీచర్," అనబోయాను. నా పని అదే మరి. సత్తువాచారిలో కలెక్టరాఫీసు ఎదురు టైపింగ్ అంగట్లో కూర్చుని జనానికి అర్జీలు టైపు చేస్తాను. పట్టా కోసం, పింఛను కోసం, మొగుడు కొట్టాడని. రాతలో లేనిది ఆ మెట్లు ఎక్కదని నాకు తెలుసు. కానీ నా మాట సగంలో ఉండగానే అక్క నా తొడ గిల్లింది. పెద్దామె ముందర ఎదురు మాట్లాడతావా అని.

అప్పుడు పాప తలెత్తి, అరవంలో, స్పష్టంగా అంది: "ఎళుదుంగ మిస్." రాయండి మిస్.

పెద్ద టీచర్ మొహంలో ఎంత నొచ్చుకోవడమో! ఏదో ఆ పిల్ల ఆవిడను కొట్టినట్టు. "ఏమ్మా, పరాయోళ్ళ మాదిరి మాట్లాడతావు?"

మర్నాడు ప్రార్థనలో కొత్త రూలు వచ్చింది. ఆడపిల్లలకు ఇకనుంచి ఒక్క పిన్ను చాలదు, రెండు. క్లాసయ్యాక ఏ ఆడపిల్లా బడిలో ఆగకూడదు. సందేహాలుంటే ఇంట్లో అడుక్కోవాలి. ఇన్ని రూళ్ళల్లో మాస్టర్లకు ఒక్కటి లేదు. కంచె చేను మేసిందని అంటారు కదా, ఇక్కడ కంచె మేయలేదు. మేస్తున్న ఎద్దును చూసి, చేను సరిగా ముడుచుకుని ఉండలేదని చేనును తిట్టింది.

మాస్టరును అక్కగా ఏమడిగిందో మాకు తెలియదు. ఏడాది చివర ఆయనకు శాలువా కప్పి, ఫోటో తీసి, పొన్నై దగ్గర వాళ్ళవాళ్ళ బడికి పంపించారు. పాపకు మాత్రం, "గాలి మారితే మంచిది," అని టీసీ ఇచ్చారు. ఊరి నోట్లో నువ్వుగింజ నానదు. పెద్ద టీచర్ నోట్లో కొండలు నానేవి గానీ పిల్లల నోళ్ళకు తాళం వేయడం ఎవరి తరం? సెక్షన్ మారిన పిల్ల ఎందుకు మారిందో బడంతా చెప్పుకుంది, తప్పు ఈ పిల్లదే అన్నట్టు. అడుసు తొక్కనేల అన్నారు మా బంధువులు. అడుసే వచ్చి కాలి మీద పడిందని ఎవరికి చెప్పేది? ఇంకేముంది, చదువు మానిపించి ఇంట్లో కూర్చోబెడదామని మా బావ అన్నాడు. నేను పోట్లాడి పిల్లను వేలూరికి తెచ్చుకున్నాను. గవర్నమెంటు బడిలో వేశాను.

బాగా చదివింది. కానీ తెలుగు మానేసింది. మేము తెలుగులో అడుగుతాం, అరవంలో జవాబిస్తుంది. నేను పిన్నమ్మను కాస్తా 'చిత్తి'ని అయిపోయాను. మా అమ్మ పండగకు వస్తే మనవరాలి గడ్డం పట్టుకుని ఏడ్చింది. "దీనికి మన మాట మరిసిపోయిందా ఏమే?" మరిచిపోలేదు. తెలుగులో చెప్పిన మాటకు ఏ గతి పట్టిందో అది చూసింది. తలుపు వేసిన గదిలో, మెత్తటి గొంతుతో, తీపి పెట్టి పూడ్చారు. ఆ తర్వాత ఆ భాషలో అన్నం పెట్టమని కూడా అడగబుద్ధి కాలేదు దానికి. పెద్ద టీచర్ పెట్టిన రూళ్ళన్నిటిలో గట్టిగా నిలబడిపోయింది ఇదే, ఆవిడకు తెలియకుండానే.

రిటైరయ్యాక ఒకసారి ఆవిడ కనబడింది, వేలూరి ఆసుపత్రిలో, స్కానింగు గది బయట బెంచీ మీద. సగమైపోయింది. నడుముకు తాళాల గుత్తి లేదు. నన్ను చూడగానే మొహం విప్పారింది. పక్కన చోటు తట్టి చూపించింది. "రా తల్లీ, కూచో. ఈ ఊర్లో మనోళ్ళు ఒకరు కనపడితే పానం లేచొస్తుంది. ఆ పాప ఎట్లుండాది?"

నేను కూర్చోలేదు. బాగుందని చెప్పాను, అరవంలో.

"సంతోషం. చూడు, దాని పేరు ఒక్కరి నోట్లో పడనియ్యలేదు నేను. కడుపులో పెట్టుకున్నా."

ఆవిడ కావాలని చెప్పిన అబద్ధం కాదు, అదే నన్ను చంపింది. ఆవిడ నిజంగానే ఆ పిల్లను కాపాడాననుకుంటోంది. ఆ ముసలి కళ్ళల్లో నా నుంచి కృతజ్ఞత కోసం ఎదురుచూపు. తిట్టడానికి దుర్మార్గురాలు దొరికినా బాగుండేది. ఆ మాస్టరు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడని అడిగాను, అరవంలోనే.

"పొన్నై కాడే, మనోళ్ళ బడిలోనే. పిల్లోళ్ళకు బాగా చెప్తాడంట." ఆ తర్వాత నా మొహంలోకి చూసింది. "ఏమ్మా, నువ్వు కూడా పరాయోళ్ళ మాదిరి మాట్లాడతావు?"

ఆవిడ కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుని, సంచిలోంచి ఆ పాత బిస్కెట్ల డబ్బా తీసింది. ఒక్క క్షణం నాకు భయమేసింది. అందులో ఇప్పుడు మాత్రలున్నాయి.

పిల్లోళ్ళకు బాగానే చెప్పాడు. ఈ ఏడు పొన్నైలో ఇంకో పిల్ల నోరు విప్పింది. వాళ్ళమ్మ నేరుగా కలెక్టరాఫీసుకు వచ్చింది. ఆ అర్జీ టైపు చేసింది నేనే. మాస్టరు పేరు దగ్గరికి వచ్చేసరికి నా వేళ్ళు ఆగిపోయాయి. పాత బడిలో విచారిస్తే ఆయన మీద ఒక్క గీత లేదు, శాలువా కప్పిన ఫోటో ఉంది. ఇన్నేళ్ళ మచ్చలేని మనిషి అని ఆయన తరఫువాళ్ళు చెప్పుకుంటున్నారు. ఇంట్లో పాపకు చెప్పాను. కాట్పాడిలో కాలేజీ రెండో సంవత్సరం ఇప్పుడు. "నాన్ వరేన్ చిత్తి," అంది. నేను వస్తాను.

గుడియాత్తంలో అక్కను చూసి వచ్చి నేను బస్సు దిగేసరికి కలెక్టరాఫీసు మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఫ్లెక్సీ సంగతి చెప్పాను.

"ఎప్పో?" అంది.

"నిన్న."

ఏడవలేదు, నవ్వలేదు. "ఇరుందిరుక్కణుం," అంది. బతికి ఉండాల్సింది. మెట్లు ఎక్కింది.

ఆఫీసరమ్మ చిన్న వయసుదే, తెలుగు ఒక్క ముక్క రాదు. అరవంలో ఓపికగా అడిగింది. పాప అరవంలో అంతా చెప్పింది, ఆనాడు తల వంచుకుని చెప్పినదాన్నే, ఈసారి తల వంచకుండా. ఆఫీసరమ్మ రాస్తూ పోయింది.

"అప్పుడు హెడ్మిస్ట్రెస్ ఏమన్నారు? ఆవిడ అన్న మాట అన్నట్టే చెప్పమ్మా."

పాప కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది. ఆవిడ తెలుగులో అన్నారని చెప్పింది.

"పరవాలేదు, తెలుగులోనే చెప్పు. నేను మా అక్షరాల్లో రాసుకుంటా, అర్థం తర్వాత రాద్దాం."

పాప పెదవులు తడుపుకుంది. ఇన్నేళ్ళ తర్వాత దాని నోట్లోంచి తెలుగు వచ్చింది. దాని గొంతుతో కాదు, ఆవిడ గొంతుతో, అదే మెత్తదనంతో:

"తెలుగులో చెప్పు తల్లీ. మనోళ్ళమే గదా."

ఆఫీసరమ్మ ఒక్కొక్క ముక్కే అరవం అక్షరాల్లో రాసుకుని, సరిచూసుకోవడానికి పైకి చదివింది. గకారాలు కకారాలై, నత్తిగా, ప్రేమంతా రాలిపోయి బయటికి వచ్చింది ఆ మాట. అలా వింటే అది నోరు మూయించడమని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. పాప కింద సంతకం పెట్టింది.

ఆ మాస్టరుకు ఏమవుతుందో నాకు తెలియదు. అర్జీలు టైపు చేసే నాకు ఆశలు తక్కువ. ఊళ్ళో ఆ ఫ్లెక్సీ పదహారో రోజు కారియం దాకా ఉంటుంది, బడి పిల్లల చేత పూలు వేయిస్తారు, కమర్‌కట్లు పంచినా పంచుతారు.

బయటికి వచ్చి మా అంగడి నీడలో నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. నేను ఊరికే సంచి సర్దుకుంటున్నాను. పాప నా చెంగు పట్టుకుని లాగింది.

"పిన్నమ్మా, ఆకలేస్తా ఉండాది."